తాత ముద్దలు మూడు, మన చపాతీలు రెండు

పోయిన నెల ఇదే పేజీలో షుగర్ గురించి రాస్తా మధ్యలో ఒక మాట అన్నా, మీ ఇంట్లో పాత పెళ్లి ఫోటో ఉంటే తీసి చూడండి, అందరూ ఎంత బక్కగా ఉంటారో అని. అంతే, ఇక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగలా. కొంతమంది ఫోటోలు కూడా పంపినారు, చూస్తే భలే ముచ్చటేసింది. అన్నింటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఒకే మాదిరివి కలిపేసి కొన్నిటికి రాస్తాండా. పేర్లు తీసేశా, ఊర్లు మాత్రం ఉంచా.

ప్రశ్న: మేడమ్, మా జేజినాయన పెళ్లి ఫోటో ఒకటి మా ఇంట్లో గోడకి ఉంది, 1968 నాటిది. అందులో ఒక్కరికి కూడా పొట్ట లేదు, దవడ ఎముకలు బయటికి కనపడతాండాయి. మా జేజి చెప్పేది, ఆయప్ప పూటకి మూడు సంగటి ముద్దలు తినేటోడంట. నేను రాత్రిపూట రెండే రెండు చపాతీలు తింటా, అయినా 88 కేజీలు. మా తమ్ముడు 94. ఆయన తిన్నదాంట్లో సగం కూడా తినం, మాకెందుకు ఇట్లా? (ప్రొద్దుటూరు)

జవాబు: మీ జేజినాయన మూడు ముద్దలు తిన్నది నిజమే అయ్యుంటుంది తమ్ముడూ, కానీ ఆ మూడు ముద్దలు యాడికి పోయినాయో చూడాల. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చుని పని చేసే మగమనిషికి రోజుకి 2110 కేలరీలు చాలు, ఒళ్లొంచి కష్టం చేసేవాడికి 3470 కావాల. మధ్యలో తేడా 1360. అంటే నూనె లేని చపాతీలు ఓ పన్నెండు. ఆయన తిన్న ఆ పన్నెండు చపాతీలంత తిండి పొద్దున్నే కపిల తోలడంలో, మడక దున్నడంలో, గుంటక పాయడంలో, చెనక్కాయ చెట్లు పీకడంలో, ఎద్దుల వెనక నడవడంలో సాయంత్రానికే కరిగిపోయేది. మీ జేజి సంగతి కూడా మర్చిపోవద్దు, ఆ ముద్దకి పిండి కావాలంటే తెల్లారకముందే ఇసుర్రాయి ముందు కూర్చోవాల, నీళ్లు కావాలంటే కడవ చంకన పెట్టుకోని బాయికి పోవాల, కట్టెలకి గుట్టకి పోవాల. ఫోటోలో ఆమె చేతులు చూడండి, సన్నగా ఉన్నా నరాలు తేలి ఉంటాయి. ఇప్పుడు ఆ పనులన్నీ మిక్సీ, మోటార్, గ్యాస్, ట్రాక్టర్, బైకు పంచుకున్నాయి. మంచిదే, ఎవరూ ఆ కష్టం మళ్లీ కావాలని అడగరు, నేనైతే అస్సలు అడగను. కానీ పని పోయినంత తొందరగా ఆకలి పోదు కదా.

ఇంకో మాట, ఇది చాలామందికి నచ్చదు. మూడు ముద్దలు తిన్నాడు అని మీ జేజి చెప్పేది పనికాలం గురించి. ఏడాదంతా మూడు ముద్దలు ఉండేవా అని ఆమెని ఒకసారి నెమ్మదిగా అడగండి. వానలు పడని ఏడాది, గాదెలో గింజ అయిపోయిన ఎండాకాలం ఏం తిన్నారో అడగండి. అంబలి, గంజి, చింతాకు, అదీ లేకుంటే నీళ్లు తాగి పండుకోవడం. 1952 కరువులో మన సీమలో గంజి కేంద్రాలు పెట్టినారు, అక్కడ గిన్నె పట్టుకోని లైన్‌లో నిలబడిన పిల్లోళ్లే 1968 నాటి ఫోటోల్లో పెళ్లికొడుకులు. ఆ దవడ ఎముకలకి చానా వరకు కారణం అదే. పాత ఫోటోలో కనపడే సన్నం అంతా ఆరోగ్యం అనుకుంటే మనం ఆ మనుషులకి అన్యాయం చేసినట్టే.

ఇంకా వెనక్కి పోతే కడుపు తరుక్కుపోతుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో ఎక్కువ దెబ్బతిన్నవి కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలే, అనంతపురం అప్పుడు బళ్లారిలోనే ఉండేది, 1882లో విడదీసినారు. కరువు పనులకి వచ్చినోళ్లకి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన చేతిలో కొంచెం చిల్లర, ఇంతే కూలి అని రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర లెక్కగట్టినాడు. రాళ్లు కొట్టే మనిషికి ఇది ఏ మూలకీ చాలదని మద్రాసు ప్రభుత్వంలోనే ఉన్న డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. మనమంతా ఆ కరువు దాటి మిగిలినోళ్ల మనవళ్ల మనవళ్లం.

సరే, ఇప్పటికి వద్దాం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక సీమలో వంటిల్లే మారిపోయింది. అంతకుముందు వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో. కొర్రన్నం, జొన్నరొట్టె, రాగి సంగటి తినే ఇళ్లల్లోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. ఆ పథకాన్ని తప్పు పట్టడం కాదు ఇది, ఎన్నో ఇళ్లల్లో పొయ్యి వెలిగించింది అదే. కానీ గింజతో పాటు పప్పు, కూరగాయ, పాలు పెరగలా, పెరిగింది నూనె. మా చిన్నప్పుడు నూనె చిన్న గిద్దతో కొలిచి పోసేవాళ్లు, ఇప్పుడు ప్యాకెట్ మూల కత్తిరించి బాండట్లోకి నేరుగా. నలుగురున్న ఇంటికి నెలకి మూడు, మూడున్నర లీటర్ల నూనె చాలు, మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అయిపోతాండాయో మీకే తెలుసు.

చివరగా ఆ రెండు చపాతీల గురించి. మీరు రాత్రిపూట సంగతి రాసినారు, పొద్దుటి నుంచి రాయలా. అంగట్లో కూర్చున్నప్పుడు తాగే నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర, పక్కన బిస్కెట్, సాయంత్రం మిరపకాయ బజ్జీ, ఆదివారం బిర్యానీ, ఇవన్నీ "తినడం" కింద మనోళ్లు ఎవరూ రాసుకోరు. ఒక వారం రోజులు నోట్లోకి పోయిందల్లా రాసి పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: నా వయసు 25, పెళ్లి సంబంధాలు చూస్తాండారు. నేను 64 కేజీలు. మా అమ్మ పెళ్లప్పుడు 45 కేజీలంట, రోజూ అదే పాట. "నీ వయసులో నాకు నడుము ఇంత లేదు" అని చెయ్యి చూపిస్తుంది. చూడవచ్చినోళ్లు కూడా "అమ్మాయి కొంచెం ఒళ్లు చేసింది" అని పోయినారు. తిండి మానేస్తాండా, తల తిరుగుతాంది. (గుంతకల్లు)

జవాబు: మొదట తిండి మానేయడం ఆపు చెల్లీ, తర్వాత మిగతా మాట. నువ్వు ఉత్తరం చివర్లో నీ ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు అని రాసినావు, అమ్మ నీ ముక్కు దాకా వస్తుందని కూడా రాసినావు. అంటే ఆమె ఎత్తు ఓ 4 అడుగుల 11 ఉండొచ్చు. ఎత్తు తేడా అంత ఉన్నప్పుడు కేజీలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఏం లెక్క? కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదాన్ని బీఎమ్ఐ అంటారు. నీది 24 పైన కొంచెం, అమ్మది అప్పుడు 20. మనోళ్లకి 23 దాటితే జాగ్రత్త అంటారు కాబట్టి నువ్వు మూడు నాలుగు కేజీలు తగ్గితే మంచిదే, 45కి పోవాల్సిన పనే లేదు, పోకూడదు కూడా.

అమ్మకి ఇది నా మాటగా చెప్పు. అక్కా, మీ పెళ్లినాటికి మీకు ఎన్నేళ్లు? రక్తం ఎంత ఉండేదో ఎవరన్నా చూసినారా? ఇంట్లో ముందు మగోళ్లు, తర్వాత పిల్లోళ్లు, ఆఖరికి గిన్నె అడుగున మిగిలింది ఆడోళ్లు తిన్న కాలం అది. ఇప్పటికీ మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అదే సర్వేలో నూటికి 36 మంది ఆడవాళ్లు ఉండాల్సిన దానికన్నా లావు, 15 మంది మరీ బక్క. అంటే లావుగా ఉండి కూడా రక్తం లేనోళ్లు మన మధ్యనే తిరుగుతాండారు, ఒక్కోసారి ఒకే మనిషి. తల తిరుగుతాంది అన్నావు కదా, ముందు పోయి హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకో. పొద్దున టిఫిన్ మానేసి సాయంత్రం పానీపూరి తినే డైట్ మన ఊర్లలో చానామంది ఆడపిల్లలు చేస్తాండారు, దానివల్ల నడుము తగ్గదు, జుట్టు మాత్రం రాలుతుంది.

చూడవచ్చి "ఒళ్లు చేసింది" అన్నోళ్ల గురించి నేను రాస్తే ఎడిటర్ గారు కత్తిరిస్తారు. ఆ వచ్చినాయన నడుము ఎంతో ఎవరన్నా కొలిచినారా అని మాత్రం అడుగుతా.

ప్రశ్న: నేను లావు కాదు మేడమ్. 66 కేజీలు, బీఎమ్ఐ 22.5, చేతులు కాళ్లు పుల్లలే. అయినా 31 ఏళ్లకే షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. మా ఆఫీసులో 95 కేజీలు ఉన్నాయనకి ఏమీ లేదు. మిషన్ తప్పా? (ఆదోని)

జవాబు: మిషన్ తప్పు కాదు. మీకు ఒక ఫోటో సంగతి చెప్పాల. 2004లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో ఇద్దరు సైంటిస్టులు పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో వేసినారు. ఒకరు పుణెలో పనిచేసే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎమ్ఐ ఒకటే, 22.3, దాదాపు మీ మాదిరే. లోపల కొవ్వు ఎంతుందో మిషన్‌తో చూస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. రెండింతల పైనే! పైకి సన్నం, లోపల కొవ్వు. కండ ఉండాల్సిన చోట కండ తక్కువ, పొట్టలో పేగుల చుట్టూ, లివర్‌లో కొవ్వు ఎక్కువ. మనోళ్లలో చానామంది ఒంటి తీరు ఇదే.

ఇది పుట్టుకతోనే మొదలవుతుందని ఆయన టీమ్ పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని కొలిచి చూపించింది. ఆ పిల్లల సగటు బరువు 2.7 కేజీలు, ఇంగ్లండ్ పిల్లలది 3.5. బరువు అంత తక్కువ ఉన్నా కొవ్వు మాత్రం ఆ లెక్కన తగ్గలా, తగ్గింది కండే. తల్లి కడుపులో ఉన్నప్పుడే తిండి చాలకపోతే ఒళ్లు ఏం చేస్తుందంటే, బయట కరువుంది అనుకోని మెదడుకి ముందు పెట్టి, కండలో కోత పెట్టి, కొవ్వు దాచుకుంటుంది. బయటికొచ్చినాక నిజంగానే కరువుంటే ఆ ఏర్పాటు పనికొస్తుంది. కానీ బయట బేకరీ ఉంది, ఏం చేస్తాం. ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే ఆయన 1980లు, 90లలోనే ఈ మాట చెప్పినాడు, చిన్న బరువుతో పుట్టినోళ్లకే పెద్దయినాక గుండెజబ్బు, షుగర్ ఎక్కువ వస్తాండాయి అని. మీ జేజి తినని తిండి మీ నాయన ఒంట్లో, మీ అమ్మ తినని తిండి మీ ఒంట్లో ఎక్కడో లెక్క రాసి ఉంటుంది.

కాబట్టి బరువు చూసుకోని మురిసిపోవద్దు. టేప్ తీసుకోని బొడ్డు దగ్గర, ఊపిరి బిగబట్టకుండా, కొలవండి. మగోళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకి 80 దాటితే బరువు ఎంతున్నా డాక్టర్‌తో మాట్లాడాల. ప్యాంటు సైజు చూసి చెప్పొద్దు, మన మగోళ్లు ప్యాంటు పొట్ట కిందికి దించి కట్టి ఇరవై ఏళ్లుగా అదే సైజు అంటారు. మీకు కావాల్సింది బరువు తగ్గడం కన్నా కండ పెంచడం. వారంలో మూడు రోజులన్నా బరువులెత్తే పని ఏదన్నా, జిమ్ముకి పోలేకపోతే ఇంట్లోనే గుంజీలు, దండాలు. పప్పు, గుడ్డు, పెరుగు, అలసందలు, ఉలవలు పెంచి అన్నం తగ్గించండి. ఆ 95 కేజీల ఆయన్ని చూసి కుళ్లుకోవద్దు, ఆయన టెస్ట్ ఎప్పుడు చేయించుకున్నాడో ఎవరికి తెలుసు.

ప్రశ్న: నేను 5 అడుగుల 4, మా అబ్బాయి 5 అడుగుల 10. మా ఆవిడ హార్లిక్స్ గొప్ప అంటుంది, నేను మా వంశం గొప్ప అంటా. మీరే తీర్పు చెప్పండి. (కడప)

జవాబు: ఇద్దరూ ఓడిపోయినారు అన్నా. వంశం గొప్పదనం ఉంటే మీరు కూడా పొడుగే ఉండాల కదా. పిల్లల మొదటి వెయ్యి రోజులు, అంటే కడుపులో పడినప్పటి నుంచి రెండేళ్ల దాకా, తిండి బాగుండి, మాటిమాటికీ విరేచనాలు, జ్వరాలు రాకుండా ఉంటే ఎత్తు దానంతట అదే వస్తుంది. మంచినీళ్లు, టీకాలు, మరుగుదొడ్డి కూడా ఎత్తు పెంచే మందులే. 1896లో పుట్టినోళ్లకీ 1996లో పుట్టినోళ్లకీ ఎత్తు ఎంత మారిందని ప్రపంచమంతా లెక్క తీసి 2016లో చెప్పినారు, సౌత్ కొరియా ఆడోళ్లు నూరేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగినారంట. మనోళ్లు మగోళ్లయితే 3, ఆడోళ్లయితే 5, అంతే. మన రాష్ట్రంలో 2019-21 సర్వే నాటికి కూడా ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. మీ అబ్బాయి అదృష్టవంతుడు, ఇంట్లో తలుపు చట్రాలు జాగ్రత్త.

ప్రశ్న: మా మనవడికి ఏడేళ్లు, 38 కేజీలు. కోడలు తిండి తగ్గించాల అంటుంది. బిడ్డ బొద్దుగా ఉంటేనే కదా లక్షణం, మా కాలంలో బక్క పిల్లోళ్లని చూసి జనం జాలిపడేవాళ్లు. మీరు కోడలికి చెప్పండి. (తాడిపత్రి)

జవాబు: కోడలికి చెప్పను అమ్మా, మీకే చెప్తా. ఏడేళ్ల పిల్లోడు 22, 23 కేజీల దగ్గర ఉండాల. మీ కాలంలో బొద్దుగా ఉన్న బిడ్డ అంటే తిండికి లోటులేని ఇంటి బిడ్డ, విరేచనాలు పట్టుకున్నా నాలుగు రోజులు తట్టుకునే బిడ్డ. ఆ భయంలోంచే వచ్చింది ఆ ముచ్చట, నాకు అర్థమవుతుంది. 1940లలో మన దేశంలో పుట్టిన బిడ్డకి సగటు ఆయుష్షు 32 ఏళ్లే, అంత మంది పసిపిల్లలుగానే పోయేవాళ్లు. ఇప్పుడు 70 దగ్గర ఉంది. ఇప్పుడు మీ మనవడికి ఆకలితో ప్రమాదం లేదు. తిండి మాన్పించొద్దు, కడుపునిండా ఇంటి తిండి పెట్టండి, చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్, సెల్‌ఫోన్ చూపిస్తా తినిపించడం ఆపండి, సాయంత్రం వీధిలోకి తోలండి. ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో వాడిని "గుండూ" అని పిలిచేది కూడా ఆపాల, ముద్దుకే కావచ్చు, బడిలో అదే పేరు అయిపోతుంది.

ప్రశ్న: రాగి సంగటి తింటే లావు తగ్గుతారా? ఒక్క మాటలో చెప్పండి. (కర్నూలు)

జవాబు: ఒక్క మాటలో అయితే, ముద్ద సైజుని బట్టి. నూరు గ్రాముల బియ్యంలో 356 కేలరీలు, రాగుల్లో 320, పెద్ద తేడా ఏం లేదు. పీచు మాత్రం రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో 3 కూడా లేదు, అందుకే కడుపు తొందరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. క్యాల్షియం అయితే రాగులకి బియ్యం ఏ మూలకీ చాలదు. కానీ ఇప్పుడు హోటళ్లలో పెట్టే సంగటిలో సగం కన్నా ఎక్కువ బియ్యమే, రంగుకి రాగిపిండి. దాంట్లో గుంట చేసి నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు, ఊరుబిండి. రుచి అద్భుతం, నేనూ వదలను, కానీ అది డైట్ అని మాత్రం నన్ను ఒప్పుకోమనొద్దు.

ప్రశ్న: రోజూ పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో అరగంట నడుస్తా. వచ్చేటప్పుడు ఫ్రెండ్స్‌తో ఉగ్గాని, రెండు బజ్జీలు, టీ. ఏడాది అయింది, రెండు కేజీలు పెరిగినా. నడక పనిచేయదా? (అనంతపురం)

జవాబు: నడక బాగానే పనిచేస్తాంది, బజ్జీ ఇంకా బాగా పనిచేస్తాంది. మీరు అరగంట నడిచి ఖర్చు పెట్టేది నూటయాభై కేలరీల దగ్గర, ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు, చక్కెర టీ కలిపితే నాలుగైదు వందలు ఎటూ పోవు. నడక మానొద్దు, షుగర్‌కి, గుండెకి, నిద్రకి దాని లాభం బరువుతో సంబంధం లేకుండా ఉంటుంది. ఫ్రెండ్స్‌ని కూడా మానొద్దు. ఉగ్గాని బొరుగులతో చేసేదే కదా, ఇంట్లో తక్కువ నూనెతో చేసి పప్పులపొడి వేసుకోని తినండి, బజ్జీలు ఆదివారానికి పెట్టుకోండి. ఆదివారం మాత్రం నేను అడ్డం రాను.